తోడు కడవ

అమావాస్య

తోడు కడవ చెల్లి రాజులుకు ఇచ్చారని నేను కుళ్ళుకుంటున్నానని మా ఇంట్లో తీర్మానమైపోయింది. ఇక నేనేం చేసినా దానికి సాక్ష్యమే. అన్నం తక్కువ తింటే కుళ్ళు. ఎక్కువ తింటే, కుళ్ళును దిగమింగుతున్నాను. నిన్న తలనొప్పిగా ఉండి మాట్లాడకుండా తాళ్ళు దులుపుతుంటే, పక్క తెప్ప మీదకు వినబడేలా అమ్మ అంది: "పెద్దదానికి ముల్లు దిగింది. ఎంత కాలేజీ సదువైతే మాత్రం కడుపులో మంట సల్లారిపోద్దేటి?"

నిజం ఏమిటంటే కడవ నా చేతికి రానందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. కడవ మోసే ఆడది గట్టు మీద ఒక్క పూట కూడా నిద్రపోకూడదు. కడవ పక్కనే తినాలి, కడవ పక్కనే పడుకోవాలి. వానలు తగ్గాక గట్టు మీదకు వెళ్ళి ఏదో ఒక లాబ్‌లో చేరాలని నా ఆలోచన. ఆ మాట ఒకసారి అన్నాను కూడా. "అలిగి ఎలిపోతాదంట" అని అర్థం చేసుకున్నారు.

రాజులుకు ఇవ్వడం న్యాయమే. దాని చెయ్యి చలవ. అది పట్టుకున్న తాడు మీద నాచు మూడు రెట్లు దట్టంగా పెరుగుతుందని తెప్పలపేటలో అందరూ ఒప్పుకుంటారు. నా చెయ్యి వేడి. అదీ అందరూ ఒప్పుకున్నదే.

ఈ పూట పడమటి తాళ్ళు పితికాం. అమ్మ, రాజులు, నేను. తెప్పల కింద తాళ్ళకు వేలాడే నాచును చేత్తో దువ్వితే జిగురు కారుతుంది. దాన్ని వెదురు గొట్టంలో నింపి, రాయి కట్టి లోతుకు వదలడం మా పని. గట్టువాళ్ళ పొగలోని బొగ్గును నాచు తాగుతుంది, జిగురుగా కక్కుతుంది. ఆ జిగురు అడుగుకు దిగి అక్కడే పడి ఉంటే, గాలిలో అంత బొగ్గు తగ్గినట్టు. తెప్పల చివర గట్టువాళ్ళు నీటిలో తేలగట్టిన యంత్రపు కన్ను, ఎంత బొగ్గు దిగిందో చూస్తుంటుంది. కన్ను ఆకుపచ్చగా వెలిగినంత కాలం బియ్యం పడవ, మంచినీళ్ళ పడవ వస్తాయి. ఎర్రబడితే రావు. నేను పుట్టాక ఎప్పుడూ ఎర్రబడలేదు.

తదియ

పితికిన జిగురును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూస్తాం, బెల్లం పాకం చూసినట్టే. అమ్మమ్మ రోజుల్లో ఒకావిడ తీగ కొస పట్టుకుంటే, ఇంకొకావిడ రెండో కొసతో పక్క తెప్ప మీదకు నడిచి వెళ్ళేదట. అంత కాకపోయినా, నా చిన్నప్పుడు జానెడు సాగడం నాకు గుర్తే.

ఈ రోజు నా వేళ్ళ మధ్య పుటుక్కున తెగింది. మళ్ళీ చూశాను. మళ్ళీ తెగింది.

"అమ్మా, లేత పాకంలా ఉంది."

అమ్మ తన వేళ్ళతో చూసింది. ముఖం కొంచెం మారింది గానీ నా ముందు ఒప్పుకోదు. "తోడు సాలలేదు. రాజులూ, పడమటి తాళ్ళకి ఇంకో రెండు సెంబులు ఎయ్యవే."

పెరుగు తోడుకోకపోతే ఇంకాస్త తోడు వేస్తాం కదా, అదే లెక్క. కోత అయిపోయినప్పుడల్లా మంచి తాడు నుంచి పాత జిగురు తీసి కడవలో దాస్తారు. దానికి రోజూ కాస్త కొత్త జిగురు మేత వేస్తారు. కొత్త తాళ్ళు దించినప్పుడు ఆ కడవలోది చేత్తో పూస్తారు. పూసిన నాలుగు రోజులకు తాడు మీద గోధుమరంగు నూగు లేస్తుంది. పూయని తాడు బోడిగా ఉండిపోతుంది. "తోడెయ్యని తాడు మోడు" అనే మాట తెప్పలపేటలో పసిపిల్లకు కూడా వచ్చు.

రాజులు కడవ దించి, మూత తీసి, దండం పెట్టి, పడమటి తాళ్ళకు పోసింది. మూత తీసినప్పుడు వచ్చిన వాసన నాకు నచ్చలేదు. చెప్పలేదు. చెబితే అదీ కుళ్ళే.

షష్ఠి

మూడు సీసాలు పెట్టాను. ఉత్తరపు తాళ్ళ జిగురు ఇంకా బాగానే ఉంది, మూడింటిలోనూ అదే పోశాను. మొదటిదాంట్లో ఇంకేమీ లేదు. రెండోదాంట్లో కడవలోని తోడు ఒక చెంచా. మూడోదాంట్లోనూ తోడే, కానీ మరగబెట్టి చల్లార్చింది.

తోడు అడిగితే రాజులు మొదట కడవకు అడ్డంగా కూర్చుంది.

"ఏటప్పా, ఆవకాయ ఊరబెడతావేటి సీసాల్లో?"

"కాదు. నీ కడవలో దొంగ ఉన్నాడేమో చూస్తున్నాను."

"దొంగుంటే నాకు గదా ముందు కన్నెయ్యాల? రోజూ ఆడి పక్కనే తొంగుంటన్నాను!" అని పకపకా నవ్వి, చెంచాడు కాదు, గరిటెడు ఇచ్చింది. తరవాత గొంతు తగ్గించి, "అమ్మకి సెప్పకే. నీకు తోడిచ్చానంటే నా తోలు తీసేద్ది" అంది.

దానికి ఈ మధ్య నవ్వు ఆగడం లేదు. పున్నమికి దక్షిణం తెప్పలవాళ్ళు వస్తున్నారు, మన తోడు పట్టుకెళ్ళడానికి. గోదారి నోటికి అవతల ఉంటారు వాళ్ళు. తాతల నుంచి తోడు ఎరగరు. రాళ్ళ మీద పుట్టిన నాచును కోసుకొచ్చి తాళ్ళకు కట్టుకుంటారు, అందుకే వాళ్ళ తాళ్ళు పలచన. మన కన్ను ఇన్నేళ్ళు ఆకుపచ్చగా ఉన్న పేరు విని తోడు కావాలని కబురంపారు. బదులుగా ఈ కాలమంతటికీ సరిపడా బియ్యం ఇస్తామన్నారు. కడవతో రాజులు కూడా వెళుతుంది. తెప్పలపేట నుంచి గోదారి దాటే మొదటి ఆడపిల్ల. కట్టుకోవడానికి చీర తీసి ఇప్పటికే మూడుసార్లు మడత పెట్టింది.

అష్టమి

మొదటి సీసా: తీగ సాగుతోంది. మూడో సీసా: సాగుతోంది. రెండో సీసా: నీళ్ళు. ఉత్త నీళ్ళు, పైన నురగ. మూత తీస్తే బుస్సుమంది.

నురగలో ఉన్నది ఏమిటో నాకు తెలుసు. మనం లోతుకు దించామనుకున్న బొగ్గు. మళ్ళీ గాలిలోకి పోతోంది.

సీసా పట్టుకుని కూర్చుంటే సుధామయి మేడమ్ క్లాసు గుర్తొచ్చింది. సముద్రంలో చక్కెరను ఏ బాక్టీరియా ఎలా తింటుందో ఆవిడ పాఠం. జిగురంటే చక్కెరే, తీపి ఒక్కటే లేదు. మామూలు చక్కెర నీటిలో పడితే ఒక పూట కూడా నిలవదు. తినేసి ఊపిరిగా వదిలేస్తాయి. జిగురు అలా కాదు. దాని గొలుసు నిండా ముళ్ళు, ఒక్కో ముడికి ఒక్కో రకం కత్తెర కావాలి. అన్ని కత్తెరలూ ఉన్న పురుగు ఎక్కడోగానీ ఉండదు. అందుకే అది అడుగుకు చేరేదాకా ఎవరూ ముట్టరు.

అలాంటి పురుగును పట్టాలంటే ఎలా? మేడమ్ అన్నది: "ఆకలిగా ఉన్నవాళ్ళందరి ముందూ తాళం వేసిన పెట్టె పెట్టండి. తీయలేనివాడు చస్తాడు. తీయగలిగినవాడు పిల్లల్ని కంటాడు. ఆ పిల్లల్లో చిటికెడు మందిని తీసుకెళ్ళి కొత్త పెట్టె ముందు పెట్టండి. మళ్ళీ. మళ్ళీ."

సెమిస్టరంతా అదే చేశాం. మా సీసాల్లోవి ఒకటి రెండు ముళ్ళు కోయడం నేర్చుకునేసరికి పరీక్షలొచ్చేశాయి.

మా అమ్మకు పరీక్షలు లేవు. అమ్మమ్మకు లేవు. ఆవిడ తల్లికీ లేవు. తోడు తీసి, మేత వేసి, కొత్త తాడుకు పూసి, మళ్ళీ తోడు తీసి. ఒక్క కాలం తప్పకుండా, ఒక్క చుక్క పారబోయకుండా, పురుగులన్నిటిలోనూ జిగురు తినడం వచ్చినవాటినే ఏరి, బుజ్జగించి, పెంచి పెద్ద చేశారు. ఏ లాబ్‌కూ ఇంత ఓపిక ఉండదు. పలచబడిన చోటల్లా మరింత తోడు పోశారు. పాలు తాగే పామును పాల కుండలోనే పడుకోబెట్టారు.

సీసా తీసుకెళ్ళి ఎవరికి చూపించను? తోడులో తప్పుందని, నేను, ఈ ఊళ్ళో చెప్పాలి.

నవమి

చెప్పాను.

అమ్మ అన్నం తింటోంది. మూడు సీసాలూ వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో వేలు ముంచి తీగ చూపించాను. అమ్మ రెండోదాన్ని వాసన చూసి పక్కన పెట్టింది.

"పులిసిపోనాది. సీసా కడిగినావా సరిగ్గా?"

"మూడూ ఒకేసారి కడిగానమ్మా. ఒక్కటే ఎందుకు పులుస్తుంది?"

"నీ సెయ్యి ఏడి."

"మూడింటికీ అదే చెయ్యి కదా!"

అమ్మ ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "సూడమ్మా. కడవ నీకు రాలేదు. బాధే, నానూ ఆడదాన్నే, నాకు తెల్దా? మా అప్పకి కాకుండా నాకిచ్చినప్పుడు అది మూణ్ణెల్లు నాతో మాటాడలేదు. కానీ కడవ మీద మన్ను పొయ్యలేదు. దాని నోటంట సెడ్డ మాట రాలేదు. నువ్వు సదువుకున్నావు గదా, నీకు మా అప్పకున్నపాటి బుద్ధి లేదేటి?"

అరవలేదు. జాలిగా అంది. అరిచి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఊరి పెద్ద, గురయ్య మావ దగ్గరకు వెళ్ళాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు, మూడు సీసాలూ ఊపి చూశాడు. "నువ్వు సెప్పింది అబద్దం అననమ్మా పైడీ. కానీ పున్నమి ఎల్లనీ. దక్షిణం బియ్యం తెప్ప మీదకి ఎక్కనీ. అప్పుడు నిమ్మళంగా కూకుని మాటాడదాం."

"బియ్యం ఎక్కాక కడవ దక్షిణంలో ఉంటుంది కదా మావా."

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి, దాంట్లోంచి నన్ను చూశాడు. "మీయమ్మతో గొడవేటి నీకు?" అన్నాడు.

ఏకాదశి

పొద్దున్నే తెప్పలపేట అంతా కేకలు. పీతలు!

నీటిలోంచి తాళ్ళు పట్టుకుని వాటంతటవే పైకి ఎక్కుతున్నాయి. తెప్పల అంచుల మీద, వెదుళ్ళ మీద, ఉతికి ఆరేసిన బట్టల మీద. వలా లేదు, గాలమూ లేదు. పిల్లలు బుట్టలు పట్టుకు పరిగెత్తారు. రొయ్యలు నీటి అంచున మూతులు పైకి పెట్టి గుంపుగా ఉన్నాయి, చేత్తో తీసుకోవచ్చు. "గంగమ్మ నోరు తెరిసి పెడతాంది" అని ఆడవాళ్ళు దండాలు పెట్టారు. అమ్మ కూడా పెట్టింది. పెట్టి నా వైపు చూసింది, ఇప్పుడేమంటావే అన్నట్టు.

ఏమంటాను? అవి మా కోసం రావడం లేదు. కింద ఊపిరాడక వస్తున్నాయి. జిగురు తిన్న ప్రతి పురుగూ నీటిలోని ఊపిరిని తాగేస్తోంది. తిండి ఎంత ఎక్కువైతే అవి అంత ఎక్కువ, అవి ఎంత ఎక్కువైతే కింద గాలి అంత తక్కువ. పడమటి తాళ్ళ కింద కర్రకు గిన్నె కట్టి నీళ్ళు తోడి చూశాను. కుళ్ళిన గుడ్డు వాసన.

మధ్యాహ్నం ఇంటింటా పీతల పులుసు. రాజులు నాకు పెద్ద డెక్క ఏరి వేసింది.

"తినప్పా. మొకం అలా పెట్టుకుంటే పీత కూడా బయపడి ఎనక్కి దిగిపోద్ది."

తిన్నాను. చాలా రుచిగా ఉంది. అదే భరించలేకపోయాను.

ద్వాదశి

కన్ను ఎర్రబడింది.

ఎవరూ కేకలు వేయలేదు. ఆడవాళ్ళు పని ఆపి తెప్పల చివరకు వచ్చి నిలబడ్డారు, కాసేపు చూశారు, ఎవరి తాళ్ళ దగ్గరకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తరవాత అమ్మ కడవ అడిగింది. పడమటి తాళ్ళకు, తూర్పు తాళ్ళకు, ఇంతవరకూ బాగున్న ఉత్తరపు తాళ్ళకు కూడా చెంబులకు చెంబులు తోడు పోయించింది. అడ్డుపడ్డాను. చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించి అంది, "ఊరు మునుగుతాంటే కూడా నీ పంతమేనేటే?"

అందరూ చూశారు. అందరి ముఖాల్లోనూ అదే మాట.

గట్టువాళ్ళకు వైర్లెస్‌లో చెప్పాను. అవతల మనిషి ఓపికగా రాసుకున్నాడు. రంగు మారిన తెప్పల ఊళ్ళ జాబితాలో మా పేరు చేరిందని, సరఫరా ఆగుతుందని, కావాలంటే శిబిరంలో చోటు చూస్తామని చెప్పాడు. పురుగు సంగతి అడిగితే, అది వేరే విభాగమన్నాడు.

త్రయోదశి

ఆఖరి ఆశ రెండు తాడు ముక్కల మీద పెట్టుకున్నాను. సీసాల సంగతి తేలిన రోజునే దించాను వాటిని. ఒకదానికి మరగనివ్వకుండా వెచ్చబెట్టిన తోడు పూశాను. రెండోదానికి మంచినీళ్ళలో నానబెట్టిన తోడు. ఈ పురుగులకు ఉప్పు లేకపోతే బతుకు లేదు, మంచినీళ్ళలో పగిలి చస్తాయి. పురుగు చచ్చి, తోడులోని నాచు విత్తనం బతికితే చాలు.

ఈ రోజు పైకి తీశాను. రెండూ బోడి. నూగు లేదు.

పురుగూ విత్తనమూ ఒకే జిగురులో కాపురం చేస్తున్నాయి. ఒకదాన్ని చంపితే రెండోదీ చస్తుంది. కడవను శుభ్రం చేయడమనేది లేదు.

తాడు ముక్కలు నా ఒళ్ళో ఉండగానే రాజులు వచ్చి పక్కన కూర్చుంది. నవ్వలేదు.

"అప్పా, నిజంగానే నా కడవేనా?"

"నీది కాదే. అందరిదీ."

"నా సేత్తోనే గదా పోసినాను." దాని అరచేతులు తిప్పి చూసుకుంది. "దక్షిణంవోళ్ళకి కూడా ఇలాగే అవుద్దా?"

చెప్పాను. ఇక్కడి నీళ్ళలో ఇది నిండిపోయింది, ఇక తీయలేం. రాళ్ళ నాచు తెచ్చి కట్టినా తినేస్తుంది. కానీ మధ్యలో గోదారి ఉంది. సముద్రంలోకి అంత దూరం మంచినీళ్ళను తోస్తుంది. ఈదుకుంటూ ఆ నీళ్ళు దాటలేవు. దాటాలంటే మూత పెట్టిన కడవలో, ఉప్పు జిగురులో, ఎవరైనా మోసుకెళ్ళాలి.

"ఎవరైనా అంటే నానే" అంది.

"అవును."

చాలాసేపు తాడు ముక్కను వేలికి చుట్టి విప్పింది. "మరి ఎల్లకపోతే బియ్యం రాదు గదా. ఇంట్లో రెండు బస్తాలున్నాయి. పోలమ్మత్త ఇంట్లో అవీ లేవు, సంటిపిల్ల తల్లి. ఏటి తింటాం?"

"శిబిరానికి వెళ్ళాలి."

"అమ్మ శిబిరానికి వస్తాదా?"

రాదు. ఇద్దరికీ తెలుసు.

"నాకు తెల్దప్పా," అంది లేస్తూ. "నువ్వు సెప్తే నిజమే అనిపిస్తాది. అమ్మ సెప్తే అదీ నిజమే అనిపిస్తాది. కడవ లేకపోతే నన్నెవరూ ఏటీ అడగరు. పలానాది అని కూడా అనరు. అదొక్కటే నాకు ఖాయంగా తెల్సు."

చతుర్దశి

ఉదయం నుంచి చనిపోయిన చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తెప్పల మధ్య చేరాయి. పిల్లలు కర్రలతో అవతలకు తోస్తున్నారు. అల మళ్ళీ తెచ్చి పెడుతోంది. పీతల పులుసు గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

దక్షిణంవాళ్ళ తెరచాపలు కనబడ్డాయి. గాలి పడిపోవడంతో దూరంలోనే లంగరు వేశారు, పొద్దున్నే వచ్చి కట్టుకుంటారట. గురయ్య మావ చిన్న పడవలో వెళ్ళి పలకరించి వచ్చాడు. నేనూ ఎక్కాను, అడ్డు చెప్పలేదు. వాళ్ళ పడవ పక్కన వేలాడుతున్న ఒక తాడు నుంచి జిగురు తీసి సాగదీశాను. సాగింది. ఇంకా సాగింది. పడవలో ఒక ముసలావిడ, "ఏంటమ్మాయ్, మా పలచటి జిగురు చూసి నవ్వుకుంటున్నావా?" అంది. రెండో కొస ఆవిడ చేతికి ఇచ్చి, మా పడవలో వెనక్కి నడిచాను. మధ్యలో తెగలేదు.

"మీది బాగుందండీ. మా తోడు మీకొద్దు" అన్నాను.

ఆవిడ గురయ్య మావ వైపు చూసింది. ఆయన నవ్వి, "మా పిల్లేలెండి. కడవ దీని సెల్లికిచ్చాం. కూసింత కోపం" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. అర్థమైందన్నట్టు నా బుగ్గ నిమిరింది. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా" అంది.

తిరిగి వచ్చాక అమ్మ రాజులుకు తల దువ్వుతోంది. నన్ను చూసి చాప కాస్త జరిపింది, కూర్చోమని. ఎర్రబడిన కన్ను నీళ్ళ మీద వెలుగుతోంది. దాని వైపు వీపు పెట్టి కూర్చున్నారిద్దరూ. "రేపు కడవ పడవెక్కినప్పుడు నువ్వూ ఓ సెయ్యెయ్యమ్మా," అంది అమ్మ, నా వైపు చూడకుండా. "ఊరు సూస్తాది. అంతటితో అయిపోద్ది." తనకు చేతనైనంతలో నన్ను క్షమిస్తోంది, నేను చేయని తప్పుకు.

కూర్చోలేదు.

పడవల అడుగులకు పూయడానికి కాల్చిన గవ్వల సున్నం గురయ్య మావ తెప్ప మీద ఉంది. అడిగి బుట్టెడు తెచ్చుకున్నాను. పడవకేనా అన్నాడు. అవునన్నాను.

రేపు పొద్దున, దక్షిణంవాళ్ళు వచ్చి కట్టుకోకముందే, కడవలో ఉన్నదంతా చచ్చేలా సున్నం పోస్తాను. రాజులు అడ్డం వస్తే తోసేస్తాను. ఎవరు పోశారని అమ్మ అడిగితే, నేనే పోశానని చెబుతాను.